పట్నం గులాబీ

హైదరాబాద్,
2022 నవంబర్ 6

ప్రియమైన మల్లికక్కా,

బస్సు పార్సిల్లో ఒక సెంటు సీసా పంపుతున్నాను. మా కంపెనీ కొత్త సరుకు, పేరు ‘పట్నం గులాబీ’. హైదరాబాద్‌ను తలుచుకుని చేశారట. పైన గులాబీ, అడుగున పచౌలి అనే ఆకు తైలం. దీని మీద వెబ్‌సైట్‌కు సమీక్ష రాయాలి. రోజుకు మూడు సీసాల వాసన చూసి చూసి అలసిపోయానక్కా, పైగా జలుబు. నువ్వు ఒక రోజంతా పూసుకుని, పొద్దున ఎట్లా ఉందో, సాయంత్రం ఎట్లా ఉందో రాసి పంపవా? ఫోన్ మాత్రం చేయకు. ఆఫీసులో పక్కవాళ్లకు వినిపిస్తుంది.

నీ స్వర్ణ

చిట్యాల,
నవంబర్ 10

ముద్దుల చెల్లె స్వర్ణకు,

సీసా అందింది. దవాఖానలో పొద్దంతా వార్డులు తుడిచి వచ్చాక పెన్ను పట్టడానికి కూడా ఓపిక ఉండడం లేదు. అయినా నీ పని కదా, రాస్తున్నాను. పొద్దున మణికట్టుకు పూసుకున్నాను. మొదట గులాబీ, నీళ్లు చల్లిన బుట్టలో పువ్వంత తాజాగా. మధ్యాహ్నానికి పువ్వు వెనక్కి పోయింది. తడిమట్టి, చాన్నాళ్లు మూసిన చెక్కపెట్టె తెరిచినట్టు ఒక వాసన పైకొచ్చింది. సాయంత్రానికి తియ్యదనం కొంచెమే మిగిలింది. నాతో పనిచేసే నిర్మలమ్మ నా చెయ్యి పట్టుకుని, “గిది పట్నం వాసన గాదు మల్లికా. పట్నంల పొద్దంత పనిచేసి బస్సు దిగినోళ్ల కొప్పుల మిగిలిన పువ్వు వాసన” అన్నది. అదీ రాసుకో.

జలుబని ఎండాకాలంలోనూ అన్నావు. ఇంకా తగ్గలేదా?

నీ అక్క
మల్లిక

హైదరాబాద్,
నవంబర్ 24

ప్రియమైన అక్కా,

రెండు వారాలు నీకు జవాబు రాయలేకపోయాను. నీ మాటలు ఉన్నవున్నట్టు నా పేరుతో పెట్టాను. మేనేజర్ వెంకటేశ్ సారు అందరి ముందూ చదివి, “గిట్ల రాసేటోళ్లే మనకు కావాలె” అన్నాడు. జనవరి నుంచి కొత్త సెంట్లన్నీ నేనే చూడాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను.

నాకు జలుబు లేదక్కా. కరోనాలో అమ్మ మంచం పక్కన మనిద్దరం ఉన్నాం కదా, అమ్మ పోయాక నాకొచ్చిన జ్వరంతోనే వాసన తెలియడం పోయింది. ఏడాదిన్నరగా పాత సమీక్షలు చూసి, మాటలు అటూ ఇటూ మార్చి రాస్తున్నాను. మొన్న పొయ్యి మీద పాలు మాడిపోతుంటే పక్కింటామె తలుపు కొట్టి, “ముక్కు లేదా నీకు?” అన్నది. నవ్వాను. ఇక నటించే ఓపిక లేదు. కానీ ఈ పని పోతే ఏం చేయాలి? ఇక మీదట సీసాలన్నీ నువ్వే చూసి పెడతావా?

కోపం చేయకు.
స్వర్ణ

చిట్యాల,
నవంబర్ 29

నా తల్లీ స్వర్ణా,

నేను చూడలేను. నాకూ వాసన తెలియదు. అదే జ్వరం, అదే వారం. నువ్వు వాసనల మీదే బతుకుతున్నావు, నా సంగతి చెబితే భయపడతావని దాచాను. వార్డులో ఫినాయిల్ తెలియకపోవడం మేలే అనుకుని ఊరుకున్నాను. మొన్న సీసా పూసుకున్నది నేను కాదు, నిర్మలమ్మ. పువ్వు, తడిమట్టి, చెక్కపెట్టె, అన్నీ ఆమె మాటలే. నేను రాసిపెట్టానంతే.

నిన్న ఆమెకు మనిద్దరి సంగతీ చెప్పాను. “అక్కచెల్లెండ్లు ఒక్కరికొకరు చెప్పుకోకుంట గిన్ని దినాలు ఎట్ల మోసిన్రే?” అని నా భుజం పట్టుకుంది.

ఆమె మాటలు నీ పేరు మీద ఉండొద్దు. సారుకు నిజం చెప్పు. ఉంచితే ఉంచుతాడు, లేకపోతే ఇంకో పని వెతుకుదాం. వచ్చే సోమవారం సెలవు పెట్టాను, మొదటి బస్సుకు వస్తున్నాను. సారు దగ్గరికి నేనూ వస్తాను. అక్కడి నుంచి ముక్కు డాక్టరు దగ్గరికి పోదాం. చీటీ మీద ఇద్దరి పేర్లూ రాయిద్దాం.

నీ అక్క
మల్లిక