ఆరడుగులకు అరవై అంగుళాలు

అక్కా,
నేను కులాసా, జ్వరం గిరం ఏమీ లేదు, ఊరికే హడలిపోకు.

మూడు నెలల తర్వాత మా కుట్టు కార్ఖానా సోమవారం తెరిచారు, మంగళవారం మూసేశారు. ఈ రోగం తగ్గేదాకా మిషన్ల మధ్య ఆరడుగుల దూరం ఉండాలన్నారు కదా, మా మాస్టరు బుర్రలో ఆరు కాస్తా అరవై అయింది. మెడలోని టేపు తీసి, అరవై అంగుళాలూ పరిచి, ముప్పై మిషన్లూ మా చేతే జరిపించాడు. తనిఖీకి వచ్చినావిడ కొలిచి, "అడుగు తక్కువైందే!" అంది.

"టేపు నిండా పెట్టానండీ!" అన్నాడు మాస్టరు.

"టేపు నిండా పెడితే అయిదడుగులేనయ్యా!" అని ఆవిడ కార్ఖానా మూయించేసింది.

ముప్పై ఏళ్లుగా జనం నడుములు కొలిచిన మనిషి! మళ్లీ అన్నీ జరిపేసరికి నా నడుము పడిపోయింది. పది మిషన్లు వరండాలోకొచ్చాయి, అందులో నాదొకటి.

దూరం వద్దని నేననను. కాజాలు కుట్టే పిన్ని పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. కానీ ఆ కొలిచేదేదో మొదటే సరిగ్గా కొలిచి ఏడవచ్చుగా! మూసిన రోజులకు బదులు ఇప్పుడు ఆదివారాలూ పనే. ఈ నెల నేను రాలేను.

బావ దగ్గు తగ్గిందా? నమస్కారాలు చెప్పు. పంపు బాగు చేయించావా?

నీ దగ్గరున్న నా చిట్టిదానికి గౌను కుడతాను, కొలతలు పంపు. అంకెలు రాయకు, వాటి మీద నమ్మకం పోయింది. దారంతో కొలిచి, ముడేసి, కవర్లో పెట్టు. దాన్ని మాత్రం దూరంగా నిలబెట్టకు. దగ్గరికి లాక్కుని, గట్టిగా పట్టుకుని కొలువు, నా వంతు కూడా.

నీ చెల్లెలు