గోడవైపు తిరిగి కూర్చున్నవాడు

ఆళ్లగడ్డ,
శుక్రవారం.

చిరంజీవి సుమంత్‌కు,

మీ జేజి దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరమూ క్షేమం. అలా రాయకపోతే ఉత్తరం మొదలైనట్టు కాదని చిన్నప్పుడు మా అయ్యవారు నేర్పారు కాబట్టి రాశాను. క్షేమం సంగతి కిందికి పోయేకొద్దీ నీకే తెలుస్తుంది. నువ్వు నంద్యాలలో వేళకు తింటున్నావనీ, చదువు పేరుతో నిద్ర మానుకోవడం లేదనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నాలుగు వాక్యాలు, అందులో మూడు ప్రశ్నలు. నీ లెక్కన అది పురాణం కిందికి వస్తుంది. మోకాలు ఎలా ఉందని అడిగావు. నాతోనే ఉంది, నా మాట మాత్రం వినదు. ట్యాబులో ఎక్కించి పోయిన బొమ్మల సీరియల్ చూశావా అని అడిగావు. చూశాను, దాని గురించి చాలా చెప్పాలి. అమ్మ సంవత్సరీకానికి నన్ను రమ్మంటారా, వద్దంటారా అని మూడోది. దానికి జవాబు చివర్లో ఉంది. ముందే రాస్తే మిగతాది చదవవు, నిన్ను నేనెరుగుదును.

ముందు సీరియల్. కొండ మీది ఊళ్లకు తీగ మీద వేలాడే పెట్టెల్లో సరుకులు చేరవేసే ఐదుగురు పిల్లలు. ఒకడు వాగుతాడు, ఒకతి పాడుతుంది, ఒకడు ఆకలంటాడు, ఒకతి అందరికీ ధైర్యం చెబుతుంది. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, ఈ నలుగురూ నా ప్రతి క్లాసులోనూ ఉండేవాళ్లు. ఐదో పిల్ల తలమీదికి టోపీ లాక్కుని తీగ తిరిగే చక్రం దగ్గర కూర్చుంటుంది. ఆ పేరుకు నాకు నోరు తిరగలేదు, టోపీపిల్ల అని పెట్టుకున్నాను. మొదటి మూడు భాగాల్లో ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తెలుగులో గొంతు ఇచ్చినమ్మాయికి జీతం ఊరికే వచ్చిందనుకున్నాను.

తర్వాత గమనించాను. ఆ బొమ్మలు గీసినవాడు ఎవడో గానీ, నోరు గీయాల్సిన చోట చేతులు గీశాడు. పాడే పిల్లకు చలి జ్వరం వస్తే నలుగురూ చుట్టూ చేరి ఎలా ఉంది, ఎలా ఉంది అని అడుగుతుంటారు. టోపీపిల్ల కిటికీ సందులో గుడ్డపేలిక కుక్కి వెళ్లిపోతుంది. ఎవరూ చూడరు. చూపించాలని ఆ పిల్లకూ ఉండదు. నాకు నచ్చింది అదే. మనింట్లో అందరమూ చేసే పని కంటే చెప్పే మాట ఎక్కువ. గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చినా నా కొడుకు, అదే మీ నాయన, వీధి చివరిదాకా వినపడేట్టు ఇస్తాడు.

ఒక భాగంలో ఆ తీగ బండిని నడిపే ముసలాయన చనిపోతాడు. నలుగురూ వెక్కివెక్కి ఏడుస్తారు, వెనక సన్నాయిలాంటిదేదో వాయిస్తారు. టోపీపిల్ల కనబడదు. "దానికి మనసే లేదు" అంటాడు వాగుడుకాయ. చూస్తే ఆ పిల్ల పైన చక్రానికి నూనె పోస్తూ ఉంటుంది. ముసలాయన శవం కిందికి దిగాల్సింది ఆ తీగ మీదే కదా. దారిలో కుదుపు రాకూడదని.

సరిగ్గా అక్కడ ట్యాబు ఆరిపోయింది.

ఛార్జింగు అయిపోయింది. హాల్లో బీరువా వెనక ఉన్న ప్లగ్గు ఒకటే ఖాళీగా ఉంటే అక్కడ పెట్టాను. ఎక్కలేదు. తీసి పెట్టాను, ఎక్కలేదు. చివరికి గోడకు ఆనుకుని కూర్చుని, బీరువా సందులో చెయ్యి దూర్చి వేలితో నొక్కిపట్టుకుంటే ఎక్కింది. వదిలితే పోయింది. అలా గోడకు మొహం పెట్టి కూర్చున్నాను సుమంతూ. కూర్చున్నాక నేనెవరిలా కూర్చున్నానో తెలిసింది.

ఆ రోజు గురించి నీకు చెప్పనక్కర్లేదు. కానీ నువ్వు గోడవైపు తిరిగి ఉన్నావు కాబట్టి వెనక మేమంతా ఏం చూశామో నీకు తెలియదు. మీ అమ్మ నిర్మల అద్దాల పెట్టెలో పడుకుని ఉంది. వైశాఖం ఎండ. మీ అక్క హిమబిందు అత్తగారి ఊరు ప్యాపిలి నుంచి వచ్చేదాకా ఉంచాలన్నారు, అందుకని కరెంటుతో నడిచే ఆ ఐసు పెట్టె తెప్పించారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ గడపలోనే శోకం ఎత్తుకుంటోంది, మేము అందుకుంటున్నాము. మన వైపు అది వచ్చినవాళ్లకు ఇచ్చే మర్యాద. నువ్వు మాత్రం తల్లికి వీపు పెట్టి, బీరువా సందులో చెయ్యి పెట్టి, మధ్యాహ్నమంతా కదలలేదు. మీ నాగేశ్వరమ్మత్త వచ్చి రెక్క పట్టి లాగితే విదిలించుకున్నావు.

"అయ్యో అయ్యో, కన్నతల్లి పోతే కండ్లల్లో సుక్క నీళ్లు ల్యావే! ఈడు మనిషా, రాయా?" అని ఆమె అందరికీ వినపడేట్టు అనింది. ఈ ఊళ్లో రాళ్లకేం కొదవ, అయినా మన శిల్పులు వాటికి కనీసం కండ్లు చెక్కుతారు. మీ అత్తకు అవి కూడా కనపడలేదు.

మీ నాయన ఆ మాట పట్టుకున్నాడు. నీతో కొరివి పెట్టించాడంటే బాపనాయన పట్టుబట్టాడు కాబట్టి. కర్మలు కాగానే నిన్ను తీసుకుపోయి నంద్యాల హాస్టల్లో పడేశాడు. మాసికాలన్నీ తనే పెట్టుకున్నాడు. సంవత్సరీకానికి మీ చిన్నాయన కొడుకు హరీష్‌ను కూర్చోబెడతానన్నాడు. "కొడుకు ఉండగా కూడదు వేణుమాధవ్" అని ఆ బాపనాయన అంటే, "ఉండాడా?" అన్నాడు.

ప్లగ్గు దగ్గర ఇదంతా నా తలలో తిరిగిన మర్నాడు ఆదివారం. మీ హాస్టల్లో పెద్దవాళ్లను లోపలికి వదిలే రోజు. బొరుగుల ఉగ్గాని కట్టుకుని బస్సెక్కాను. నీ ఉత్తరం అప్పటికింకా అందలేదు.

ఇక్కడొక మాట. మీ వార్డెను జకరయ్య సారు పిల్లల ఉత్తరాలు విప్పి చదువుతారని రాశావు. అయ్యా జకరయ్య సారూ, మోకాలు గురించీ బొమ్మల గురించీ చదివారు, సంతోషం. ఇక మడిచి పిల్లవాడికి ఇచ్చేయండి. మీకూ ఒక తల్లి ఉండి ఉంటుంది.

సుమంతూ, మీ హాస్టలు రేకుల షెడ్డు కింద ఆ రోజు నువ్వు చెప్పింది మళ్లీ నీకే రాస్తున్నాను. నీ నోట్లో అది నేరం ఒప్పుకున్నట్టు వినపడింది. నా చేతిరాతలో ఎలా ఉందో చదివి చూడు.

"ప్లగ్గు పట్టుకున్న్యావు, సరే. ఏడుపు ఎందుకు రాలేదురా?" అని అడిగాను. ఉగ్గానిలోని మిరపకాయలన్నీ ఏరి ఒకవైపు పెట్టేదాకా నువ్వు తల ఎత్తలేదు. ఆ పక్కన ఎవరో తల్లి ర్యాంకు తగ్గిందని కొడుకును తిడుతోంది. అప్పుడు చెప్పావు.

"నోరు తెరిస్తే అది వచ్చేస్తాదని జేజీ."

"ఏది?"

"అమ్మను నేనే సంపితి."

దసరా అయిపోయాక ఒకరోజు మీ అమ్మ వంటింట్లో నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రొమ్ములో గడ్డ ఉందని చెప్పింది. మాఘంలో హిమబిందు పెండ్లి. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, ముహూర్తం పెట్టుకున్నాక ఇంట్లో ఎవరికి రోగం వచ్చినా తలుపులు మూసుకుని దగ్గుతారు. తల్లికి ఆ జబ్బంటే రేపు కూతురికీ వస్తుందని ప్యాపిలివాళ్లు వెనక్కి పోతారని ఆమె భయం. పెండ్లి అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని నీ చేత ఒట్టు వేయించుకుంది. "నీ నోట్లోంచి మాట రాదు కాబట్టే నీకు చెప్తాండా నాయనా" అనిందని చెప్పావు. పెండ్లయ్యాక, అప్పుడే తెలిసినట్టు, మా అందరికీ తనే చెప్పింది. కర్నూలుకు తీసుకుపోయేసరికి అది కాలేయానికి పాకింది.

ఆ నెలలంతా నువ్వు అంగడికి పోయావు, బడికి పోయావు, పదో తరగతి పరీక్షలకు చదివావు, అక్క పెండ్లిలో వడ్డించావు. ఒకే కప్పు కింద ఉండి మాకెవరికీ ఏమీ కనపడలేదు. నువ్వు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నావు కదా.

చెప్పి, "నాయనకు చెప్పొద్దు జేజీ" అన్నావు. చెప్పనన్నాను.

మీ నాయనకు చెప్పేశాను.

ఇంత దూరం రాసి ఇప్పుడు చెబుతున్నానంటే, నాకూ భయమేనని అర్థం చేసుకో. గురువారం మధ్యాహ్నం ఎరువుల అంగడికి పోయాను. హరీష్‌కు కొత్త పంచె తెప్పించమని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు.

"నీ కొడుకును పిలవవా?" అన్నాను.

"పిలిస్తే ఏం జేస్తాడు? గోడ దిక్కు సూసుకుంటా కూచుంటాడు."

"వాడు చూసింది గోడను కాదు. వదిలితే పెట్టె ఆగిపోతుందని ప్లగ్గు పట్టుకున్నాడు." మిగతాది కూడా చెప్పాను. ఆపుకోలేకపోయాను. ఆపుకోవాలనీ అనుకోలేదు.

ఫోను బల్లమీద పెట్టేశాడు. "ఇదంతా నీకెవురు చెప్పిరి?"

"వాడే."

"వాడు మాట్లాడినాడా?" అన్నాడు. మొదట ఆశ్చర్యపోయింది దానికి. ఆ తర్వాత మొహం మారింది. "మొగుణ్ణి నేనుండగా పసిపిల్లోనికి చెప్పిందా? నాకెందుకు చెప్పల్యా?"

"చెప్పింటే ఏం జేసేవాడివి?"

"కర్నూలుకు…" అని ఆగిపోయాడు.

"కర్నూలు తర్వాత. ముందు మీ అక్కకు ఫోన్ జేసేవాడివి. సాయంత్రానికి ఆళ్లగడ్డకంతా తెలుస్తుండె. మర్నాటికి ప్యాపిలికి. నీది నా నోరే నాయనా, నాకు తెలియదా? ఇంట్లో నోరు కట్టుకోగలిగినవాడు వాడొక్కడే. అందుకని ఆ బరువు వాని నెత్తిన పెట్టింది."

అప్పుడే ఒక రైతు యూరియా కావాలని వచ్చాడు. మీ నాయన లేచి వేరే ఏదో మూట ఎత్తి ఇచ్చాడు. ఆ రైతు "ఇది కాదన్నా" అంటే మూటమీదే కూర్చుండిపోయాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. ఇంటికి వచ్చాడు, తినలేదు, తిట్టలేదు. సాయంత్రం నాగేశ్వరమ్మ పరామర్శకు వచ్చి ఏమైందిరా ఏమైందిరా అని పొడుస్తుంటే, "అక్కా, నువ్వు ఇంటికి పో" అన్నాడు. అంతే.

ఈ పొద్దున నేను ప్లగ్గు నొక్కి పట్టుకుని ఆగిపోయిన భాగం చూస్తుంటే వచ్చి, నా చెయ్యి తీసేసి, తను పట్టుకుని కూర్చున్నాడు. చివరిదాకా చూశాడు.

"ఈ పిల్ల ఏమీ చెప్పదా?"

"చెప్పదు."

"ఎవురూ అడగరా?"

నేను లేచి కర్నూలు డాక్టరు నంబరు వెతుక్కున్నాను.

ఇప్పుడు నువ్వు అనుకున్న నేరం సంగతి. కర్నూలు డాక్టరుకు ఫోన్ చేశాను. ముందే తెచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. గడ్డ దసరాకు ముందునుంచే ఉండి ఉంటుందనీ, అప్పుడే తెచ్చి ఉంటే ఇంకొంత కాలం దొరికేదేమో, దొరకకపోయేదేమో, చెప్పలేననీ అన్నాడు. నిన్ను ఊరడించడానికి "ఏమీ తేడా ఉండేది కాదట" అని రాయొచ్చు. రాయను. అబద్ధమని నీకు తెలుస్తుంది, తర్వాత నా మాట ఏదీ నమ్మవు. తేడా ఉండేదేమో. అయితే ఆ తీర్మానం చేసింది మీ అమ్మ. అది ఆమె ఒళ్లు, ఆమె కూతురు, ఆమె లెక్క. నువ్వు మీసం రాని పిల్లవాడివి. ఒట్టు వేయించుకున్నది పెద్దమనిషి, వేసినవాడు పిల్లవాడు. ఇందులో హంతకుడెక్కడున్నాడో నాకు కనపడటం లేదు. ఆమె నీ పట్ల తప్పు చేసింది. చచ్చిపోయిన మనిషి కాబట్టి అనకూడదంటారు, నేనంటున్నాను. నీకు ఆమె మీద కోపం వస్తే రానీ. ప్రేమ ఎక్కడికీ పోదు.

మాట తప్పినందుకు నా మీదా కోపం రావచ్చు. నాతో మాట్లాడటం మానేసినా మానేయి. అయితే, నువ్వు మానేసిన సంగతి నాకు తెలిసేసరికి చాలాకాలం పడుతుంది.

మూడో ప్రశ్నకు జవాబు. రావాలి. నువ్వే కూర్చోవాలి. ఇందాక మీ నాయన బాపనాయనకు ఫోన్ చేసి "నా కొడుకు పెడతాడు" అని చెప్పాడు. ఈ ఆదివారం నీ సెలవు సంతకానికి నంద్యాలకు తనే వస్తున్నాడు. నేను రావడం లేదు. నేనుంటే మీ ఇద్దరి వంతూ నేనే మాట్లాడతాను.

షెడ్డు కింద కూర్చుని ఏమీ తోచక హాస్టలు అన్నం గురించి అడుగుతాడు. పక్కనవాళ్ల మీద అరిస్తే అరవనీ. అసలు అడగాలనుకున్నది వేరే ఉంది. మధ్యాహ్నం నన్ను అడిగాడు. ఆ నెలల్లో ఆమెకు నొప్పి ఉండేదా, ఎక్కడ పట్టుకుని కూర్చునేది, ఏమనేది, తన గురించి ఏమైనా అనిందా అని. నాకు తెలియదన్నాను. ఈ భూమ్మీద నీకు తప్ప ఎవరికీ తెలియదు.

అడిగితే చెప్పు. తగ్గించి చెప్పొద్దు. నొప్పి ఉంటే ఉందనే చెప్పు, మొగుడికి భయపడి దాచిందంటే అదీ చెప్పు. తట్టుకోలేడు. తట్టుకోకపోనీ. అన్ని నెలలు నువ్వొక్కడివే మోశావు, ఇక ఆయన మోయాలి.

ఇట్లు,
నోరు కట్టుకోలేని,
నీ జేజి
అనసూయ