బల్ల కింద కాలు

సరళక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ్టి సంగతి ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు.

ఇంగ్లండొచ్చి రీడింగ్ ఊళ్లోని మన ఆఫీసులో చేరిన కొత్తల్లో మీటింగుల్లో నాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా మేనేజర్ ఏమన్నా "ఓకే, ఓకే" అంటూ తల ఊపేదాన్ని. పక్క కుర్చీలోంచి నువ్వు బల్ల కింద నా కాలు తొక్కేదానివి. బయటికొచ్చాక, "అర్థం కాకపోయినా తల ఊపితే ఆ పనంతా నీ నెత్తినే పడుతుందమ్మాయ్. అడిగితే నీ సొమ్మేం పోతుంది?" అనేదానివి. నాకు ఒళ్లు మండేది. కాలూ నొప్పెట్టేది.

ఇవాళ కొత్త మేనేజర్ అరగంట మాట్లాడి, "ఆల్ క్లియర్?" అన్నాడు. అందరూ తల ఊపారు. నేను మాత్రం, "సారీ, నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్తారా?" అని ఇంగ్లీషులో అడిగేశాను. తర్వాత ఎదురుగా కూర్చున్న ఇంగ్లీషాయన మెల్లగా, తనకూ అర్థం కాలేదన్నాడు.

నీ మొహం చూద్దామని పక్కకి తిరిగాను. నీ కుర్చీలో ఎవరిదో కోటు ఉంది. అప్పుడు గమనించాను, మీటింగ్ మొదలైనప్పట్నుంచీ నా కాళ్లు నీకు అందకుండా కుర్చీ కిందకి లాక్కునే కూర్చున్నాను.