ఉయ్యాలలో ఆయన పేరు

1968 ఫిబ్రవరి 12

సాలూరు నుంచి టెలిగ్రాం. కోడలు పద్మకుమారికి మగపిల్లాడు. పుట్టింట్లోనే కాన్పు, ఇద్దరూ క్షేమం.

ఆయన దుకాణం వదిలేసి పరుగున వచ్చారు. కిందటి దీపావళికి గుండె పట్టుకుని చింతపండు బస్తాల మధ్య కూలబడ్డ మనిషి. శ్రీకాకుళం డాక్టర్ రెస్ట్ అన్నాడు, మెట్లు వద్దన్నాడు. ఈయన అరుగు మెట్లు రెండేసి ఎక్కారు. అరిచాను. వింటేనా? వీధిలో పోయేవాళ్లని ఆపి మరీ పటిక బెల్లం చేతిలో పెట్టారు, తాతనైపోనాను తాతనైపోనాను అంటూ.

నాకూ ఏడుపొచ్చింది. సంతోషమే. మధ్యలో ఆయన ఆయాసం వినబడింది. ఇక సంతోషమో భయమో తెలీలేదు.

ఫిబ్రవరి 13

నిద్ర లేదు. సంతోషమే అయ్యుంటుంది.

మార్చి 20

అబ్బాయి వచ్చాడు. సాలూరులో లారీ ఆఫీసు ఉద్యోగం. పిల్లాడికి నాన్నగారి పేరే పెడతామన్నాడు. పెద్ద మనవడికి తాత పేరు మా ఇళ్లల్లో మామూలే. ఆయన పైపంచెతో కళ్లు తుడుచుకున్నారు.

పెళ్లయి నలభై ఏళ్లు. ఆయన పేరు ఒక్కసారీ పలకలేదు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పి పంపింది. మా పెత్తల్లి ఓసారి కోపంలో మొగుణ్ని పేరు పెట్టి అరిచింది. ఆయన ఆ ఏడాది దాటలేదు.

మరి మనవణ్ని ఏమని పిలవను?

మే 5

పిల్లాడు ఇల్లు చేరాడు. బారసాల మా ఇంట్లోనే. వాణ్ని చేతుల్లోకి తీసుకున్నాక ఒళ్లంతా తేలికైపోయింది. చెవులు అచ్చం ఆయనవే, పెద్దవి.

పళ్లెంలో బియ్యం పోసి అబ్బాయి చేత పేరు రాయించారు పంతులుగారు. ఇక ఇంటికి పెద్ద ముత్తైదువ పిల్లాణ్ని ఉయ్యాలలో వేసి పేరు పిలవాలి. ముత్తైదువంటే నేనే. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. ఆయన స్తంభం పక్కన, పెళ్లికొడుకులా సిల్కు లాల్చీ వేసుకుని.

నోరు తెరిచాను. చినబాబూ అన్నాను.

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఆయనా నవ్వారు. భోజనాల దగ్గర మాత్రం పరమాన్నం ముట్టలేదు. ఆయన పరమాన్నం వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

మే 7

నేనొక్కదాన్నే అనుకుంటే పొరపాటు. కోడలూ పిలవదు, మామగారి పేరు కదా. అబ్బాయికీ కన్నతండ్రి పేరు పెట్టి ఒరే అనడానికి నోరు రాదట. పేరు పెట్టినవాడు వాడే! పిల్లాడికి పేరుంది, పిలిచే దిక్కు లేదు.

ఆయనొక్కరే పిలుస్తారు. ఉయ్యాల దగ్గర కూర్చుని తన పేరు తనే, చివర గారు కూడా తగిలించి. వాడు బోసినవ్వు నవ్వితే ఈయన పొంగిపోతారు. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోతోంది.

మే 19

పాల అసిరమ్మ పిల్లోడి పేరేటమ్మా అని అడిగింది. మా ఆయన పేరే అన్నాను. ఆయన పేరేటి అంది. నోరు మూసుకున్నాను. విషయం అర్థమయ్యి పడీపడీ నవ్వింది. నాను నా మొగుడు గంగుల్ని పొద్దు పొడిస్తే పేరెట్టే తిడతన్నాను, ఆడికేటయింది, గుండ్రాయిలాగున్నాడు అంది.

నిజమే, గంగులు నిక్షేపంలా ఉన్నాడు. మరి మా పెత్తల్లి మొగుడు? ఆయుష్షుకి ఇంటికో లెక్కా? బుర్ర తిరిగిపోతోంది.

జూన్ 2

ఆయన అడిగేశారు. నీ నోట నా పేరెలాగుంటాదో వినాలనుంది, ఒక్కసారి పిలు అన్నారు. మీ ఆయుష్షో అన్నాను. దాని సంగతి నాను సూసుకుంటాన్లే అన్నారు.

ఏం చూసుకుంటారు? నిన్ననే దొంగతనంగా బస్తా ఎత్తుతూ దొరికారు. కోపమొచ్చి లేచి వచ్చేశాను. దొడ్లో నిలబడి పిలిచి చూద్దామనుకున్నాను, ఎవరూ లేరు కదా అని. కాకి ఉంది. దాని ముందూ రాలేదు.

జూన్ 9

రేపు వాళ్ల ప్రయాణం. అబ్బాయి నా పక్కన కూర్చున్నాడు. వాడిది మా మామగారి పేరు. కోడల్ని కదా, నేనెప్పుడూ పలకలేదు, అబ్బాయీ అనే పెంచాను. వాడు మెల్లిగా అన్నాడు: ఊళ్లో అమ్మలందరూ పిల్లల్ని పేరెట్టి అన్నానికి కేకేసీవోరు, నువ్వు నన్నెప్పుడు కేకేస్తావాని సూసీవోణ్ని. నవ్వుతూనే అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన ఊపిరి ఒకవైపు, పసివాడి చెవులు ఒకవైపు. ఏది తప్పు, ఏది ప్రేమ? దేవుడి ముందు కూర్చున్నా తేలలేదు.

జూన్ 10, పొద్దున్న

పార్వతీపురం బస్ కదిలే టైమ్. కోడలు పిల్లాణ్ని ఎత్తుకుని మెట్టెక్కింది. ఆయన కిటికీ కింద నిలబడ్డారు.

నగరేశ్వరరావ్!

బస్‌స్టాండంతా వినబడేట్టు నేనే అరిచాను. తాతా మనవడూ ఇద్దరూ తిరిగి చూశారు.

ఎవర్ని పిలిచానో నాకే తెలీదు.