జిగణి గేటు దాకా తోడొచ్చిన ఆవిడ

బుధవారం రాత్రి, హెబ్బగోడి లాడ్జి

మా హైదరాబాద్ ముందు బెంగళూరు ఎంత అని ఇన్నేళ్లూ అందరితో వాదించాను. ఈ రోజు నా నోరు మూతపడింది.

బెంగళూరు శివార్లలోని జిగణిలో పది గంటలకు ఇంటర్వ్యూ. నేనెక్కింది అటు వెళ్లే బస్సు కాదని తొమ్మిదిన్నరకు కండక్టర్ చెబితే తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క సీట్లో ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న పెద్దావిడ, "ఏడవద్దమ్మా, దిగు. నేనుండాను గదా" అని తెలుగులోనే అంటూ నాతోపాటే దిగింది. కన్నడంలో మాట్లాడి ఆటో కుదిర్చి, కంపెనీ గేటు దాకా వచ్చింది.

"మరి మీ డ్యూటీ?" అన్నాను.

"డ్యూటీ దినామూ ఉంటాది. నీది ఈపొద్దు తప్పితే పోతాది."

లోపల చివరగా, "హైదరాబాద్ వదిలి ఉండగలరా?" అని అడిగారు. రెండేళ్లయితే ఉంటానని చెప్పాలనుకుని వచ్చినదాన్ని, "ఉండగలను" అనేశాను. వచ్చే నెల చేరమన్నారు.

సాయంత్రం హెబ్బగోడిలో బస్సు దిగి, సన్నని వానలో, చల్లగాలికి గది దాకా నడిచే వచ్చాను. ఆటో ఎక్కాలనిపించలేదు.

మా ఆయనకు ఫోన్ చేసి ఉద్యోగం వచ్చిందని చెప్పాను. సంతోషించారు. ఊరు నచ్చిందని మాత్రం చెప్పలేకపోయాను. ఉద్యోగం కోసం వెళ్తున్నానంటే ఆయన సర్దుకుంటారు. ఊరు నచ్చి వెళ్తున్నానంటే, ఇక తిరిగి రానేమోనని బెంగపడతారు.