అవ్వ నోట్ల గునుగు

భాద్రపదం, ఆదివారం రాత్రి.

పక్షవాతం వచ్చిన సంది అవ్వ నోట్ల మాట లేదు. ఇయ్యాల పొద్దటి షిఫ్టు దిగి వచ్చేసరికి పక్కింటి ఖాలేదక్క అవ్వ మంచం కాడ కూసోనుంది. ఓపెన్‌కాస్టు బొగ్గుబాయి మట్టిదిబ్బ మీద తెంపిన గునుగుపువ్వు అవ్వ చేతిల పెట్టి, "ఇదేంది అవ్వా?" అని అడిగింది. అవ్వ శానసేపు చూసి "గునుగు" అన్నది. నాకు ఏడుపొచ్చింది.

"చూసినవా తమ్మీ, ఇగ ఫికర్ చెయ్యకు," అన్నది ఖాలేదక్క. అవ్వ బతుకమ్మ పేరుస్తుంటే పక్కన కూసోని ఆ పువ్వు పేరు నేర్చుకున్నది ఆమె.

కని ఆ తర్వాత నీళ్లు కావాలన్నా గునుగే, నొప్పి లేసినా గునుగే. "నేనెవర్నే అవ్వా?" అంటే నా మొఖం చూసి గదే అన్నది. "నీ కొడుకునే" అని చెప్తే కోపానికొచ్చి, మల్ల గదే అన్నది.

నా పానం అలిసిపోయింది. సాయంత్రం సాగదీసి గునుగు అంటే నీళ్లిచ్చిన, నెట్టేసింది. దుప్పటి కప్పితే ఊకున్నది. సలి పెట్టిందన్నట్టు.

రేపు డ్యూటీకి పోయేముందు ఖాలేదక్కకు చెప్పాలె. గునుగు అని గట్టిగంటే నొప్పి, మెల్లగంటే నీళ్లు, సాగదీస్తే సలి. నన్ను పిలిచేది ఎట్లుంటదో ఇంకా తెల్వలే.