ఎండ తాగిన చీర

తెల్లారినప్పటి నుంచి ఆకాశం విరిగిన పాలలా ఉంది. సోలార్ ప్యానెళ్లకు ఈ వెలుతురు చాలదు. అందుకే నీ షుగరు సూదిమందు పాడవకుండా కరెంటుతోనూ గ్యాసుతోనూ నడిచే మన ఫ్రిజ్జును గ్యాసు మీదకు మార్చాను. సిలిండరు అడుగంటింది. ఉన్న కాస్తా మందుకే ఉండనీ, గ్యాసు పొయ్యి వెలిగించకు. కట్టెల పొయ్యి మీద అన్నం వండి మూతపెట్టాను. ఈ చీటీ రాసిపెట్టి కొత్త సిలిండరు కోసం వెళ్తున్నాను, పొద్దుగూకేలోపు వస్తాను.

నిన్న ప్యానెళ్ల మీద చీర ఆరేసి బ్యాటరీని పస్తు పెట్టావు. అడిగితే "ఎండేమన్నా మీ తాత సొత్తా?" అని మూతి ముడిచావు, ఇప్పటిదాకా మాటలేదు. రాత్రి చలికి ఆ చీరే కప్పుకున్నాను. ఎండంతా అందులోనే ఉంది. మధ్యాహ్నం వేళ చేనుగట్టున పడుకున్నట్టు కల వచ్చింది.

మధ్యాహ్నం నువ్వు తినేయ్, రాత్రికి నేను రాగానే కలిసి తిందాం. మాట్లాడకపోయినా పర్వాలేదు, పక్కన కూర్చుంటే చాలు.